మన మెస్‌లో నూనె డబ్బా ఇప్పుడు మూడు రోజులు వస్తోంది

బెంగళూరు బీటీఎం లేఅవుట్ సెకండ్ స్టేజ్‌లోని మన మెస్‌కి రోజూ వచ్చే అన్నలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్తే.

రెండు నెలలుగా కౌంటర్ దగ్గర రెండే ప్రశ్నలు వింటున్నాను. "అక్కా, మీరింత ఎలా తగ్గారు?" అని కొందరు. "అక్కా, కూరలో నూనె కనిపించట్లేదేంటి?" అని ఇంకొందరు. రెండింటికీ జవాబు ఒకటే. మధ్యాహ్నం రద్దీలో నిలబడి చెప్పే సంగతి కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. చివర్లో రేటు మార్పు కూడా ఉంది, అక్కడిదాకా చదవండి.

నా ఎత్తు 158 సెంటీమీటర్లు. పోయిన ఏడాది మొదట్లో బరువు 81 కిలోలు, ఇప్పుడు 68. ఆ 13 కిలోలు తగ్గడానికి 14 నెలలు పట్టింది. మోకాళ్ల నొప్పి అని డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన రక్త పరీక్షలు కూడా రాశారు. మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్షలో 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగర్ వాకిట్లో నిలబడినట్టే, 6.5కి వస్తే ఇంట్లోకి వచ్చినట్టే అన్నారాయన. మా నాన్న అద్దంకిలో రోజూ ఇన్సులిన్ వేసుకుంటున్నారు. ఆ సూది నాకు కొత్త కాదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మన దేశం వాళ్లకు ఎత్తు, బరువు లెక్క వేసే బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద చూస్తారట. నాది అప్పుడు 32. ఇప్పుడు 27, అంటే ఇంకా పని ఉంది. నడుము చుట్టుకొలత ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకూడదు. పీజీల్లో ఉండే తమ్ముళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్తున్నా. చేతులు, కాళ్లు సన్నగా ఉండి పొట్ట ఒక్కటే వచ్చినవాళ్లను రోజూ చూస్తున్నాను. ఒకసారి టేపు పెట్టి కొలుచుకోండి.

రిపోర్టు చూసిన భయంలో మొదట తప్పు దారిలోనే వెళ్లాను. తెలిసినవాళ్లు చెప్పారని ఒక చోట పొడి డబ్బాలు కొన్నాను. రెండు పూటలు ఆ పొడి కలుపుకుని తాగడం, ఒక్క పూట తినడం. నెలన్నరలో నాలుగు కిలోలు తగ్గాను. జుట్టు ఊడింది, మధ్యాహ్నం పొయ్యి దగ్గర కళ్లు తిరిగాయి. డబ్బాలకు డబ్బు సర్దలేక ఆపేస్తే రెండు నెలల్లో ఐదు కిలోలు తిరిగి వచ్చాయి. ఆ ఖర్చు గురించి ఇప్పటికీ బాధగానే ఉంది.

ఆ తర్వాత ఒక పని చేశాను. వంటవాళ్లెవరైనా చేసి చూడొచ్చు. మెస్‌లో ఉప్పు, కారం చూడటానికి రోజంతా చేతిలో వేసుకుని నాకుతూనే ఉంటాం. ఇడ్లీ పిండి వాయి దిగగానే ఒకటి, చట్నీతో సగం, పప్పు ఉడికాక ఒక స్పూను, తాలింపు పెట్టాక ఇంకో స్పూను, పులుసు, వేపుడు ముక్క. ఒక సోమవారం పక్కన గిన్నె పెట్టుకుని, రుచి చూసిన ప్రతిసారీ అంతే పరిమాణం గిన్నెలో వేశాను. మూడున్నరకు ఆ గిన్నె నిండిపోయింది. ఒక మనిషి కడుపు నిండా తినే భోజనం అది. దాని తర్వాత నేను కూర్చుని వేరే భోజనం చేసేదాన్ని. రాత్రి 11కి మిగిలిన అన్నం పారేయడానికి మనసొప్పక పెరుగు కలుపుకుని మళ్లీ తినేదాన్ని. అన్నం పారేస్తే పాపం అని పెరిగినవాళ్లం, చేయి రాదు. కానీ మిగిలిందల్లా నా ఒంట్లో వేసుకోవడం కూడా సరికాదని ఆ గిన్నె చూశాకే అర్థమైంది.

ఇప్పుడు ఉదయం పదకొండున్నరకే, మీరు రాకముందే, ఒక ప్లేటు పెట్టుకుని కూర్చుని తింటాను. ఉప్పు చూడటం రెండుసార్లే, అది కూడా చిన్న స్పూనుతో. మూడోసారి మా వంట మాస్టారు చూస్తారు. అన్నం ఒకేసారి వండటం మానేశాం. మొదటి వాయి పన్నెండుకి, రెండోది ఒంటిగంటకు జనాన్ని చూసుకుని. రాత్రి మిగిలేది బాగా తగ్గింది.

ఇక నూనె సంగతి.

మా అమ్మాయి సెకండ్ పీయూసీ, అంటే మన ఇంటర్ రెండో ఏడాది చదువుతోంది. ఒక ఆదివారం కిరాణా బిల్లులు ముందేసుకుని, "అమ్మా, 15 లీటర్ల డబ్బా మనకు ఎన్ని రోజులు వస్తుంది?" అని అడిగింది. మూడు రోజులకు రెండు డబ్బాలు అయిపోతున్నాయి. అంటే రోజుకు 10 లీటర్లు. రెండు పూటలూ కలిపి మనం పెట్టేది దాదాపు 210 భోజనాలు. మనిషికి 48 మిల్లీలీటర్లు పడుతోంది. బాణలిలో మిగిలేది తీసేసినా 40 గ్రాములకు తగ్గదు. గ్రాము నూనెకు 9 కేలరీలు, కాబట్టి ఒక్క పూట భోజనంలో నూనె నుంచే 360 కేలరీలు. నెయ్యి, పొడుల్లో వేసుకునేది ఇందులో కలపలేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2000 కేలరీలు తినేవాళ్లకు అందులో చెప్పిన ప్లేటులో నూనె, కొవ్వు కలిపి 27 గ్రాములే. అది రోజు మొత్తానికి. కూరగాయలు 400 గ్రాములు, పప్పుధాన్యాలు 85 గ్రాములు, బియ్యం, గోధుమల్లాంటివి 250 గ్రాములు. నేను మీకు ఒక్క పూటలో 40 గ్రాముల నూనె పెట్టి, కూరగాయలు ఒక గరిటె వేసి, అన్నం మాత్రం అడగకుండానే మూడుసార్లు వడ్డించాను. ప్రేమతోనే పెట్టాను. కానీ లెక్క చూశాక గుండె బరువెక్కింది. మీలో చాలామంది ఇంటికి దూరంగా ఉండి నెలకు 50 పూటలు నా చేతి వంటే తింటున్నారు.

ఇంకో మాట చెప్పాలి. అప్పడాలు, మిరపకాయ బజ్జీలు వేయించిన నూనెను మర్నాడు తాలింపుల్లో వాడేవాళ్లం. చాలా ఏళ్లు అలాగే చేశాం. మళ్లీ మళ్లీ కాగిన నూనెలో చెడు పదార్థాలు పెరుగుతాయి. ఆహార భద్రత సంస్థ 2018 నుంచి వాటికి 25 శాతం పరిమితి పెట్టింది, అది దాటిన నూనె వాడకూడదు. మేం ఏనాడూ కొలవలేదు. ఎనిమిది నెలలుగా వేయించిన నూనెను కూరల్లోకి రానివ్వడం లేదు, విడిగా డబ్బాలో పోసి సేకరించేవాళ్లకు ఇచ్చేస్తున్నాం. అంతకుముందు తిన్నవాళ్లందరినీ క్షమించమని అడుగుతున్నాను.

ఇప్పుడు 15 లీటర్ల డబ్బా మూడు రోజులు వస్తోంది. మనిషికి 20 గ్రాముల చిల్లర. ఇది కూడా ఎక్కువే, ఒప్పుకుంటాను. ఇంతకంటే తగ్గిస్తే వేపుడు వేపుడులా రావడం లేదు, ఇంకా ప్రయత్నిస్తున్నాం.

ఎలా తగ్గించామో కొందరు అడిగారు. వంకాయ, దొండకాయ, ఆలుగడ్డ పచ్చివి బాణలిలో వేస్తే మెత్తబడేదాకా నూనె పోస్తూనే ఉండాలి. వంకాయ మరీను, స్పాంజిలా పీల్చేస్తుంది. ఇప్పుడు ముక్కల్ని ముందు ఉప్పు నీటి ఆవిరి మీద మూడొంతులు ఉడికించి, చివర్లో పోపులో తిప్పుతున్నాం. పప్పుకి రెండుసార్లు పెట్టే తాలింపు ఒకసారికి తెచ్చాం, కానీ వెల్లుల్లి, ఎండుమిరప, ఇంగువ తగ్గించలేదు. పులుసుల్లో చింతపండు, కారం పాళ్లు పాతవే. నూనె పైన తేలితేనే ఆంధ్రా కూర అని మనమే అలవాటు చేసుకున్నాం. మా అమ్మమ్మ బీరకాయ పప్పు మీద నూనె తేలడం నేనెప్పుడూ చూడలేదు. గోంగూర మాత్రం ముట్టుకోలేదు. గోంగూర పచ్చడికి నూనె కావాలి, కాబట్టి అది పాత పద్ధతిలోనే, వారానికి రెండుసార్లు, చిన్న స్పూనుతో.

ఇంకో మార్పు మీరు గమనించే ఉంటారు. కూర్చోగానే అన్నం రాదు. ముందు కోసంబరి వస్తుంది. నానబెట్టిన పెసరపప్పు, కీరా, కొబ్బరి కోరు, నిమ్మరసం. పక్కింటి కన్నడ ఆంటీ నేర్పారు. ఆ తర్వాత కూర, పప్పు, అప్పుడు అన్నం. ఆకలి మీద మొదట ఏది వస్తే అదే ఎక్కువ తింటాం. నాకు అన్నం తగ్గింది ఈ వరుస మార్చడం వల్లే, బలవంతంగా మానడం వల్ల కాదు. అన్నం ఇప్పటికీ అన్‌లిమిటెడే. అడిగినన్నిసార్లు వడ్డిస్తాం, అడగకుండా మాత్రం వేయం. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు దయచేసి మీ డాక్టర్‌తో మాట్లాడకుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకండి. షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది.

కొర్రల అన్నం ప్రయోగం గుర్తుందా? ఒక మంగళవారం తెల్లన్నం తీసేసి కొర్రలే పెట్టాం. సగం ప్లేట్లు అలాగే వెనక్కి వచ్చాయి. మిమ్మల్ని ముందు అడగకపోవడం నా తప్పు. ఇప్పుడు గురువారాలు, కావాలన్నవాళ్లకే. కొర్రల్లో పీచు ఎక్కువ, తొందరగా కడుపు నిండుతుంది. కేలరీలు మాత్రం బియ్యానికి కాస్త అటూ ఇటూగా ఉంటాయి. కొర్రలు తింటే బరువు తగ్గుతారని మన మెస్‌లో బోర్డు పెట్టను. నిజం కాని మాట రాసి మీ దగ్గర డబ్బు తీసుకోలేను.

వ్యాయామం గురించి కొంచెం చెప్తాను. ఉదయం నాలుగున్నర నుంచి నిలబడే ఉంటాను కదా, నాకు వేరే నడక ఎందుకు అనుకునేదాన్ని. నిలబడితే కాళ్లు నొప్పి పుడతాయి తప్ప గుండె వేగం పెరగదు. ఇప్పుడు మధ్యాహ్నం శుభ్రం చేసుకున్నాక, వారానికి ఐదు రోజులు, 45 నిమిషాలు వీధుల్లోనే గట్టిగా నడుస్తాను. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం. వారానికి కనీసం 150 నిమిషాలు నడవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఆదివారం సాయంత్రం మావారితో కలిసి మడివాళ చెరువు దగ్గరికి వెళ్తాను. పద్నాలుగు నెలల్లో మా ఇద్దరికీ దొరికిన మాట్లాడుకునే సమయం అదే, దాన్ని ఇంకేదానికీ వదులుకోను.

ఐదో నెల నుంచి ఏడో నెల వరకు బరువు ఒక్క గ్రాము కదల్లేదు. చాలా టెన్షన్ పడ్డాను. ఫిజియోథెరపిస్ట్ మోకాళ్ల కోసం నేర్పిన వ్యాయామాలు అప్పుడే మొదలుపెట్టాను. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, రెండు సీసాల నీళ్లు ఎత్తడం. రోజు మార్చి రోజు 15 నిమిషాలు. రోజూ రెండు గుడ్లు చేర్చాను. బరువు కదలడానికి ఇంకో నెల పట్టింది, కానీ ఈలోపే జాకెట్లు వదులయ్యాయి, బియ్యం బస్తా జరపడానికి మనిషిని పిలవాల్సిన పని తగ్గింది. మొన్నటి షుగర్ పరీక్షలో 6.2 కాస్తా 5.8 అయింది.

ఇక వ్యాపారం మాట. ఈ మార్పుల వల్ల నెలవారీ పాస్ తీసుకునేవాళ్లు 64 మంది నుంచి 51కి తగ్గారు. వెళ్లినవాళ్లలో ఐదుగురు తిరిగి వచ్చారు, మిగతావాళ్లు రాలేదు. వాళ్ల మీద నాకు కోపం లేదు. రాత్రి పది గంటలకు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటి వచ్చినవాళ్లు కరకరలాడే వేపుడు కోరుకుంటారు, అది తప్పు కాదు. అందుకే వేపుడు బుధ, శనివారాల్లో ఉంటుంది. మిగతా రోజుల్లో అప్పడం నిప్పు మీద కాల్చిందే.

నూనె ఖర్చు తగ్గింది, కానీ కూరగాయల ఖర్చు అంతకంటే ఎక్కువ పెరిగింది. మడివాళ మార్కెట్ నుంచి రోజుకు 35 కిలోలు తెచ్చేవాళ్లం, ఇప్పుడు 60 తెస్తున్నాం. వాటిని తరగడానికి ఇంకో మనిషిని పెట్టుకున్నాం. మూడు నెలలు పాత రేటుకే నెట్టుకొచ్చాను, ఇక నా వల్ల కావడం లేదు. వచ్చే నెల 1 నుంచి భోజనం 110 రూపాయల నుంచి 120 అవుతుంది. ఇప్పటికే పాస్ తీసుకున్నవాళ్లకు అది అయిపోయేదాకా పాత రేటే. పార్సెల్‌లో అన్నం 450 గ్రాముల నుంచి 300కి తగ్గించి, కూర డబ్బా పెద్దది చేశాం. ఎక్కువ అన్నం కావాలంటే ఆర్డర్ చెప్పేటప్పుడే అడగండి, అదనపు డబ్బు తీసుకోం. ఉడికించిన గుడ్డు 12 రూపాయలు. నెయ్యి అడిగితే వేస్తాం.

ఆదివారం రాత్రి మెస్ ఇకపై ఉండదు. మా వంటవాళ్లకూ, నాకూ ఆ ఒక్క పూట కావాలి.

సోమవారం మధ్యాహ్నం కోసంబరి, బీరకాయ పప్పు, దొండకాయ కూర, బెండకాయ పులుసు, కాల్చిన అప్పడం, పెరుగు. పప్పులో ఇంగువ తక్కువైందని పోయిన వారం ఇద్దరు చెప్పారు, సరిచేస్తున్నాం. పార్సెల్ కావాలంటే పదకొండున్నరలోపు ఫోన్ చేయండి, ఆ తర్వాత అయితే నేను భోజనం దగ్గర ఉంటాను.