పైపు కోసే ముందు

సిడ్నీ

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

మేమిక్కడ కులాసా. అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందని తెలిసి మనసు కుదుటపడింది. నీవు పంపిన స్పీకర్ పెట్టె ఫొటోలూ కొలతలూ చూశాను. ఎండీఎఫ్ చెక్క అతుకులు చక్కగా కుదిరాయి. ఇక మిగిలింది పోర్టే, అంటే పెట్టెలోని గాలి బయటికి వచ్చిపోయే పైపే, కనుక ఈ ఉత్తరమంతా దాని గురించే రాస్తున్నాను.

పెట్టెలోని గాలి స్ప్రింగులాగా, పైపులోని గాలి ఆ స్ప్రింగుకు కట్టిన బరువులాగా పనిచేస్తాయి. పైపు పొడవు పెరిగితే ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ, అంటే ఆ బరువూ స్ప్రింగూ కలిసి ఊగే వేగం, దిగుతుంది, వ్యాసం పెరిగితే ఎక్కుతుంది. నలభై లీటర్ల పెట్టెను 38 హెర్ట్జ్‌కు ట్యూన్ చేయడానికి 7.5 సెంటీమీటర్ల వ్యాసమున్న పైపు సుమారు 17.5 సెంటీమీటర్ల పొడవు ఉండాలని నీవు వేసిన లెక్క సరైనదే. అయితే రాణీగంజ్‌లో 75 ఎంఎం అని అడిగితే ఇచ్చే పీవీసీ పైపుకు ఆ 75 బయటి కొలత. లెక్కకు కావలసింది లోపలి కొలత. గోడ మందం పోగా లోపల 7 సెంటీమీటర్లే ఉందనుకుంటే, అదే ట్యూనింగ్‌కు 15 సెంటీమీటర్ల పొడవు చాలు, నీవు 17.5 దగ్గర కోస్తే ట్యూనింగ్ 36 కన్నా కిందికి జారిపోతుంది. మందం పైపు రకాన్ని బట్టి మారుతుంది కనుక, వెర్నియర్ కాలిపర్‌తో లోపలి వ్యాసం కొలిచిన తరువాతే లెక్క మళ్ళీ వెయ్యి. ఆ నలభై లీటర్లు కూడా వూఫర్ (మంద్ర స్వరాలు పలికే స్పీకర్) మాగ్నెట్, లోపలి ఆధారపు చెక్కలు, పైపు ఆక్రమించే చోటు తీసివేయగా మిగిలే నికర పరిమాణమై ఉండాలి.

ఇంకా వెడల్పాటి పైపు వేయవచ్చా అని అడిగావు. పైపు ఇరుకైతే శబ్దం పెంచినప్పుడు గాలి వేగం హెచ్చి బుసకొడుతుంది. సెకనుకు 17 మీటర్లు దాటనివ్వకూడదని సాధారణంగా చెబుతారు. కానీ లోపలి వ్యాసం 10 సెంటీమీటర్లయితే పొడవు 33 దాటుతుంది, పెట్టెలో మూడు లీటర్ల చోటు పోతుంది, పైగా అంత పొడవైన పైపు 400 హెర్ట్జ్ ప్రాంతంలో తానే మోగి గొంతు పలికే చోట అడ్డుపడుతుంది. ఎనిమిది అంగుళాల వూఫర్‌ను ఇంట్లో వినడానికి సన్నపాటి పైపే మేలని నా అభిప్రాయం. దాని రెండు అంచులనూ గుండ్రంగా నునుపు చెయ్యి. లోపలి కొసకూ వెనుక పలకకూ మధ్య కనీసం పైపు వ్యాసమంత ఖాళీ ఉంచు, లేకుంటే పైపు పొడవు పెరిగినట్టే ప్రవర్తిస్తుంది.

వూఫర్‌తో ఇచ్చిన కాగితం మీద ఉన్నవి థీల్-స్మాల్ అంకెలు, అంటే పెట్టె లెక్కకు కావలసిన వూఫర్ గుణాలు. నెవిల్ థీల్ 1961లో ఈ దేశంలోనే ఆ పద్ధతికి పునాది వేశారు, రిచర్డ్ స్మాల్ ఇక్కడి సిడ్నీ విశ్వవిద్యాలయంలో దాన్ని విస్తరించారు. వారి గణితం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. అయినా కోఠీ గుజరాతీ గల్లీలో నీవు కొన్న వూఫర్ ఆ కాగితానికి అచ్చంగా సరిపోతుందని నమ్మి పైపును ఒక్కసారే కోయవద్దు. మొదట 18 సెంటీమీటర్లు ఉంచి, జిగురు పెట్టకుండా, గాలి పోకుండా బిగించు. ఆంప్లిఫైయర్‌కూ వూఫర్‌కూ మధ్య వంద ఓమ్‌ల రెసిస్టర్ వరుసలో పెట్టి, ఫోన్‌లోని టోన్ జనరేటర్‌తో 20 నుంచి 80 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచుతూ, వూఫర్ కొసల దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజి చూడు. వోల్టేజి రెండు చోట్ల శిఖరానికి ఎక్కుతుంది, ఆ రెండింటి నడుమ అది పల్లానికి దిగే ఫ్రీక్వెన్సీయే పెట్టె అసలు ట్యూనింగ్. అది 38 కన్నా కింద ఉంటే అర సెంటీమీటరు చొప్పున కోస్తూ మళ్ళీ చూడు. ఒక్కో కోతకు మారేది అర హెర్ట్జ్ కూడా ఉండదు కనుక తొందర అక్కరలేదు. ట్యూనింగ్ పైకి పోతే మృదంగం తొప్పి గుమ్మటంలో మోగినట్టు ఉబ్బుతుంది, అది నాన్నగారికి అసలు నచ్చదు.

పల్లం ఎన్ని హెర్ట్జ్ దగ్గర వచ్చిందో, పైపు లోపలి వ్యాసం ఎంతో రాసి పంపు. ఇక్కడ నేనూ లెక్క వేసి చూస్తాను. అంతవరకూ రంపం పక్కన పెట్టు.

ఇట్లు,
మీ అక్క