సింగపూర్‌లో బండివాడికి ముందు కుళాయి, తర్వాతే జరిమానా

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

సింగపూర్ చూసి వచ్చినవాళ్లు రాసే యాత్రా కథనాల్లో ఒక మాట తప్పకుండా ఉంటుంది. అక్కడ రోడ్డు మీద తోపుడు బండి కనిపించదు, చెత్త వేస్తే జరిమానా, అందుకే ఊరు అద్దంలా ఉంటుంది అని. బండి కనిపించదన్నది నిజమే. చెప్పే కారణమే సరికాదు. ఆ కారణాన్ని నమ్మి, మన దగ్గర కూడా బండ్లు లేపేస్తే ఊరు బాగుపడుతుందని వాదించేవాళ్లున్నారు. వాళ్ల కోసమే ఈ ఉత్తరం.

సింగపూర్ బండ్లు మాయమైపోలేదు, కప్పు కిందికి చేరాయి. అలా కప్పు వేసి కట్టిన చోట్లనే హాకర్ సెంటర్లంటారు. హాకర్ అంటే వీధి వ్యాపారి. నగరంలో ఇవి 110కి పైగా ఉన్నాయి. వండిన తిండి అమ్మే స్టాళ్లు సుమారు 6,000. 2020 డిసెంబరులో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. యాత్రికుడు అక్కడ తినే చికెన్ రైస్, మనవాళ్లు వెతుక్కునే తోసై (మన దోసె), రోటీ పరాటా అన్నీ ఒకప్పుడు వీధిలో అమ్మినవే.

ఆ రోజుల్లో అక్కడి పరిస్థితి మన టిఫిన్ బండ్ల పరిస్థితే. బకెట్ నీళ్లలో ప్లేట్లు ముంచి తీయడం, ఆ ఎంగిలి నీళ్లు, మిగిలిన తిండి వాన కాలువలో పారబోయడం. కాలువ వెళ్లి నదిలో కలిసేది. సింగపూర్ నది కంపు కొట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ప్రభుత్వం ముందు చేసిన పని లెక్క తీయడం. 1968-69లో దీవి అంతటా వీధి వ్యాపారులను నమోదు చేసి సుమారు 18,000 మందికి లైసెన్సులిచ్చారు. ట్రాఫిక్‌కు అడ్డంగా ఉన్నవాళ్లను పక్క సందుల్లోకి, పార్కింగ్ స్థలాల్లోకి తాత్కాలికంగా జరిపారు. 1971 నుంచి నీరు, మురుగు పైపు, చెత్త గది ఉన్న కట్టడాలు కడుతూ, పూర్తయిన చోటికల్లా వాళ్లను తీసుకెళ్లారు. పదేళ్లలో నది శుభ్రం కావాలని 1977లో ప్రధాని లీ క్వాన్ యూ గడువు పెట్టాక ఈ పని వేగం పుంజుకుంది. చివరి వీధి వ్యాపారులు 1986లో కప్పు కిందికి చేరారు. లెక్క మొదలైన నాటి నుంచి దాదాపు 18 ఏళ్లు పట్టిందన్నమాట.

కట్టిన చోటు కూడా గమనించాలి. చాలా సెంటర్లు ప్రభుత్వ గృహ సముదాయాల నడుమ, కూరగాయలు, చేపల మార్కెట్ ఆనుకుని, బస్సు స్టాపుకు నడిచే దూరంలో ఉంటాయి. ఊరి చివర ఖాళీ స్థలం చూపించి అక్కడికి పొమ్మంటే గిరాకీ రాదు. గిరాకీ లేనివాడు నెల తిరక్కుండానే పాత మూలకు వచ్చేస్తాడు. మన దగ్గర బండ్ల కోసం కేటాయించిన వెండింగ్ జోన్లు బోసిపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

ఇక స్టాలు సంగతి. చూడటానికి చిన్న గది. అందులో కుళాయి, తొట్టి, కరెంటు, పొగ లాగే గొట్టం, అన్నిటికంటే ముఖ్యంగా మురుగు లైను కనెక్షను ఉంటాయి. బల్లలు, మరుగుదొడ్లు, చెత్త గది ఉమ్మడి. వంటింటి నీరు వాన కాలువలోకి పోకూడదన్నది మూల సూత్రం. అందుకే జిడ్డు తొట్టి తప్పనిసరి. దీన్నే గ్రీజు ట్రాప్ అంటారు. వేడి నీళ్లతో వచ్చిన నూనె ఈ తొట్టిలో చల్లారి పైకి తేలుతుంది. అడ్డుగోడ కింది నుంచి నీరు మాత్రమే బయటికి పోతుంది. తేలిన జిడ్డును ఎప్పటికప్పుడు తీయకపోతే అది పైపులోకి జారి గడ్డకట్టి, మురుగు తిరిగి వంటగది నేల మీదికే ఎగదన్నుతుంది. బజ్జీలు, పునుగులు, చికెన్ పకోడీ వేసే మన బండ్ల దగ్గర ఈ తొట్టి అవసరం ఇంకా ఎక్కువ. మనవాళ్లు ఫుడ్ కోర్టుకు రంగు దీపాలు, స్వాగత తోరణం ముందు పెట్టి, జిడ్డు తొట్టిని మరిచిపోతే ఆరు నెలలకే ఆ చోట ముక్కు మూసుకోవలసి వస్తుంది.

మూడు నెలలకోసారి సెంటరును మూసి గోడలు, గొట్టాలు, నేల అడుగంటా కడుగుతారు. ఆ తేదీలు ముందే ప్రకటిస్తారు. (వెళ్లే యాత్రికులు అవి చూసుకుని బయల్దేరడం మంచిది. సోమవారం సెలవు పెట్టే స్టాళ్లూ చాలానే.) వండేవాళ్లకు ఆహార భద్రత శిక్షణ తప్పనిసరి. 1997 నుంచి చాలా ఏళ్ల పాటు శుభ్రతను బట్టి గ్రేడు అక్షరమిచ్చి స్టాలు ముందు పెట్టించారు. ఆ పద్ధతిలో తప్పు చేస్తే పాయింట్లు పడేవి. 12 నెలల్లో 12 పాయింట్లు చేరితే స్టాలు కొన్ని వారాలు మూతపడేది.

ఇంత ఉన్నా ప్రమాదం జరిగింది. 2009 ఏప్రిల్‌లో గేలాంగ్ సెరాయ్ తాత్కాలిక మార్కెట్లో ఒక స్టాలులో రోజక్ అనే కలగలుపు వంటకం తిని 150 మందికి పైగా జబ్బుపడ్డారు. ఇద్దరు చనిపోయారు. పచ్చి సముద్రపు సరుకు నుంచి వండిన పదార్థాలకు బ్యాక్టీరియా అంటడమే కారణమని తేలింది. పచ్చి చేప కోసిన చెక్క మీదే వండినది కోయడం, అదే చేత్తో రెండూ ముట్టుకోవడం, 5 నుంచి 60 డిగ్రీల మధ్య తిండిని గంటల తరబడి ఉంచడం, ఈ మూడూ ఏ దేశంలోనైనా ప్రాణాంతకమే. కప్పు వేసినంత మాత్రాన చెయ్యి శుభ్రం కాదు.

మరి జరిమానా? చెత్త పారేస్తే జరిమానా 1968 పరిశుభ్రతా ప్రచారం నాటి నుంచే ఉంది, కాదనను. కానీ హాకర్ సెంటర్లో తిన్న పళ్లెం తిరిగి ర్యాకులో పెట్టకపోతే చర్య తీసుకోవడం మొదలైంది 2021 సెప్టెంబరులో. చివరి బండి కప్పు కిందికి చేరిన 35 ఏళ్లకు! మొదటిసారికి హెచ్చరిక, రెండోసారికి 300 సింగపూర్ డాలర్లు. దానికి ముందు ర్యాకులు పెట్టారు, హలాల్ పళ్లేలకు వేరే ర్యాకు పెట్టారు, ఏళ్ల తరబడి చెప్పి చూశారు. పావురాలు, గోరువంకలు ఎంగిలి మీద వాలడం ఆపాలన్నది ఒక కారణం.

అక్కడి లోపాలూ చెప్పాలి. ఎందుకంటే తెచ్చుకునేటప్పుడు వాటిని కూడా తెచ్చుకోకూడదు. వీధి నుంచి వచ్చిన మొదటి తరానికి సబ్సిడీ అద్దె ఇచ్చారు. తర్వాత స్టాళ్లకు టెండరు పద్ధతి పెట్టారు. 2012లో కనీస పాట ధర తీసేసి, స్టాలును ఇంకొకరికి అద్దెకివ్వడాన్ని నిషేధించారు. దాంతో దళారుల బెడద తగ్గింది. అయినా 2024లో ఒక స్టాలుకు నెలకు 10,000 డాలర్లకు పైగా పాడినవాళ్లున్నారు. సుమారు 4 నుంచి 6 డాలర్లకు అమ్మే అన్నంతో ఆ అద్దె ఎలా తేలుతుంది? నడి వయసు దాటిన హాకర్లే ఎక్కువ, పిల్లలు ఆ వేడిలో నిలబడటానికి రావడం లేదు. కొత్త సెంటర్లను సంస్థలకు అప్పగించిన చోట్ల అదనపు రుసుములు, తప్పనిసరి పనివేళల మీద 2018లో హాకర్లు గట్టిగా మొరపెట్టుకున్నారు.

వెళ్లే మన పాఠకులకు నాలుగు మాటలు. లిటిల్ ఇండియా మెట్రో స్టేషను పక్కనే టెక్కా సెంటర్ ఉంది. కింద మార్కెట్, తిండి స్టాళ్లు, పైన బట్టల కొట్లు. బల్ల మీద టిష్యూ పొట్లం ఉంటే ఆ చోటు ఎవరో పట్టుకున్నట్టే, కూర్చోకండి. టీ ఊరికే అడిగితే డబ్బా పాలు, పంచదారతో ఇస్తారు. పాలు వద్దంటే 'తే ఓ', పాలూ పంచదారా రెండూ వద్దంటే 'తే ఓ కోసోంగ్'. శాకాహారులు కూర ముక్కలు చూసి నమ్మకూడదు. రొయ్యల ముద్ద, చేపల సాస్, పంది కొవ్వు కంటికి కనిపించవు. పరాటాకు చేపల పులుసు పోయకముందే పప్పు కావాలని చెప్పాలి.

మన చట్టంలో లోటేమీ లేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం అయిదేళ్లకోసారైనా సర్వే చేయమంది. సర్వే పూర్తయి ధ్రువపత్రాలిచ్చేదాకా ఎవరినీ లేపొద్దంది. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులు, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలంది. సింగపూర్ తన పని మొదలుపెట్టింది కూడా ఈ లెక్కతోనే. అమరావతి ప్రణాళికను సింగపూర్ సంస్థల చేత గీయించుకున్న నాటి నుంచి మన నాయకులు, అధికారులు ఆ ఊరిని తరచూ చూసి వస్తున్నారు. వాళ్లు టెక్కాలో తిన్నాక స్టాలు వెనక్కి వెళ్లి తొట్టి కింద పైపు ఎటు పోతుందో చూసి రావాలని నా కోరిక.

మీ విలేకరులకు ఒక విన్నపం. ఈసారి ఏ మున్సిపాలిటీ అయినా బండ్లు తొలగించిన వార్త రాసేటప్పుడు కమిషనర్ గారిని ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు అదే వార్తలో వేయండి: చివరి సర్వే ఏ సంవత్సరంలో జరిగింది? ఎందరికి ధ్రువపత్రాలిచ్చారు? వాళ్లకు చూపించిన కొత్త స్థలంలో ఎన్ని కుళాయిలున్నాయి, వాటిలో ఎన్ని భూగర్భ డ్రైనేజీకి కలిసి ఉన్నాయి?

భవదీయుడు,
ఒక పాఠకుడు, గుంటూరు