టెస్ట్ స్టాప్ వెనక్కి తిప్పావా?

చి. దివ్యకు, నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నీ విసుగు అర్థమైంది. నీతో చేరినవాళ్లకు ఇంజిన్ పని పడింది, నీకేమో రోజంతా విమానంలో మెడ పైకెత్తి సీట్ల మీది ఆక్సిజన్ మాస్కుల డబ్బాలు తెరిచి మూసే పని. "ఎవరూ వాడని వస్తువుకి ఇన్ని పరీక్షలేంటి నాన్నా?" అన్నావు. ఫోన్లో చెప్పబోతే సగంలోనే "సరే సరే" అంటావని కాగితం మీద పెడుతున్నా.

ఇంజిన్ సరిగ్గా లేకపోతే పైలట్ దిగగానే లాగ్‌లో రాస్తాడు. ఏసీ చల్లబడకపోతే ప్రయాణికులే గోల చేస్తారు. మాస్కు డబ్బా పాడైందని మాత్రం ఎవరూ చెప్పరు. క్యాబిన్‌లో గాలి పల్చబడి దాదాపు 14,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు అయితే తప్ప మామూలుగా దాని తలుపు తెరుచుకోదు. అంటే నువ్వు చూడకపోతే ఇక చూసేవాళ్లు లేరు.

డబ్బాల తలుపులు తెరుచుకుంటాయో లేదో చూడ్డానికి నువ్వు చేస్తున్న డ్రాప్ టెస్టే తీసుకో. ఎయిర్‌బస్‌లో మాస్కులన్నీ కిందపడితే మళ్లీ మడిచి పెట్టలేక చస్తామని ప్రతి డబ్బాకీ ఒక చిన్న టెస్ట్ స్టాప్ ఉంటుంది కదా. దాన్ని తిప్పి పెడితే తలుపు రవ్వంత తెరుచుకుని ఆగిపోతుంది. అన్నీ అలా ఆగాయంటే టెస్ట్ పాస్. కానీ ఆ స్టాప్‌ని వెనక్కి తిప్పడం మర్చిపోయావనుకో, నిజంగా అవసరమైన రోజున కూడా అంతే తెరుచుకుని ఆగుతుంది, మాస్కు కింద పడదు. పరీక్షించకుండా వదిలేసిన డబ్బా కంటే నువ్వు పాస్ చేసిన డబ్బాయే ప్రమాదం అన్నమాట.

2005 ఆగస్టు 14న హీలియోస్ ఎయిర్‌వేస్ వాళ్ల బోయింగ్ 737 సైప్రస్‌లోని లార్నకా నుంచి ఏథెన్స్‌కి బయల్దేరింది. అంతకుముందు ట్రిప్పు సిబ్బంది వెనక తలుపు దగ్గర శబ్దం వస్తోందని రాస్తే, రాత్రి గ్రౌండ్ ఇంజినీర్ క్యాబిన్‌లో గాలి నింపి లీక్ చూశాడు. ఆ పరీక్షకి ప్రెషరైజేషన్ సెలెక్టర్‌ని, అంటే క్యాబిన్‌లో గాలి ఒత్తిడి చూసుకునే స్విచ్‌ని, మాన్యువల్‌లో పెట్టాలి. తర్వాత అది ఆటోకి రాలేదని, అందుకే పైకెక్కుతున్నా క్యాబిన్‌లో గాలి నిండలేదని దర్యాప్తు నివేదిక తేల్చింది. తప్పంతా ఆ ఒక్కడి నెత్తిన వేయడం నాకు నచ్చదు. బయల్దేరే ముందూ ఆ తర్వాతా చెక్‌లిస్టులో పైలట్లు కూడా దాన్ని చూడాలి, చూడలేదు.

విమానం 12,000 అడుగులు దాటుతుండగా హారన్ మోగింది. చిక్కల్లా ఏంటంటే, నేల మీద టేకాఫ్‌కి సెట్టింగులు సరిగ్గా లేకపోయినా 737లో అదే హారన్. గాల్లో ఉన్నప్పుడు అది క్యాబిన్ ప్రెషర్ గురించే మోగుతుంది, అయినా పైలట్లు టేకాఫ్ హెచ్చరికే అనుకున్నారు. పైకి ఎక్కుతూనే పోయారు. ఆక్సిజన్ తగ్గితే గొంతు నొక్కినట్టు ఉంటుందనుకుంటాం కానీ, మనిషికి అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, బుద్ధి మాత్రం పనిచేయదు. క్యాబిన్‌లో మాస్కులు పడ్డాయి, వాటిలో ఆక్సిజన్ 12 నిమిషాలకే. విమానం 34,000 అడుగుల దగ్గర ఆటోపైలట్ మీద తిరుగుతూ ఉంటే, గ్రీకు ఎఫ్-16 యుద్ధవిమానాలు పక్కకి వెళ్లి చూశాయి. కెప్టెన్ సీటు ఖాళీ, కోపైలట్ వాలిపోయి ఉన్నాడు. ఇంధనం అయిపోయాక గ్రమ్మాటికో దగ్గర కొండల్లో కూలింది. 121 మందీ పోయారు. ఆ తర్వాత అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 737ల్లో ఈ రెండు హెచ్చరికలకీ వేర్వేరు లైట్లు తప్పనిసరి చేసింది.

అదంతా అక్కడి కథ అనుకోకు. 2018 సెప్టెంబరులో ముంబయి నుంచి జైపూర్‌కి బయల్దేరిన 737లో, ఇంజిన్ల నుంచి క్యాబిన్‌కి గాలి పంపే బ్లీడ్ స్విచ్ వేయలేదు. మాస్కులు పడ్డాయి, కొందరికి ముక్కుల్లోంచి, చెవుల్లోంచి రక్తం వచ్చింది. అదృష్టవశాత్తూ వెనక్కి తిప్పి దింపారు.

ఇక డబ్బాలో ఆక్సిజన్ తయారుచేసే జెనరేటర్. అందులో సిలిండర్ ఉండదు, సోడియం క్లోరేట్ మండి ఆక్సిజన్ వస్తుంది. పిన్ లాగితే ఇక ఆపే దారి లేదు, దాని పైతొడుగు 200 డిగ్రీలు దాటిపోతుంది. 1996లో ఫ్లోరిడాలో వాల్యూజెట్ డీసీ-9 మంటల్లో కూలి 110 మంది పోయింది వీటివల్లే. గడువు తీరిన జెనరేటర్లని వేరే విమానాల్లోంచి తీసి, పొరపాటున మొదలవకుండా పెట్టాల్సిన సేఫ్టీ క్యాప్‌లు లేకుండానే అట్టపెట్టెల్లో సర్ది కార్గోలో వేశారు. క్యాప్‌లు పెట్టారన్నట్టు పని కార్డు మీద సంతకాలు మాత్రం ఉన్నాయి. క్యాప్ నీ కంటితో చూడకుండా ఎవరు తొందరపెట్టినా సంతకం పెట్టకు. ట్రైనీవి, తిడతారు. తిట్టనీ.

ఇంకోటి, అమ్మకి కోపమొచ్చినా సరే: కాక్‌పిట్ సిబ్బంది ఆక్సిజన్ సిలిండర్ పని ఉన్న రోజు తలకి కొబ్బరినూనె పెట్టుకెళ్లకు. ఆవకాయ తిన్న చేతులు సబ్బుతో కడుక్కునే వెళ్లు. హై ప్రెషర్ ఆక్సిజన్ దగ్గర నూనె మరక చాలు అంటుకోవడానికి.

బేగంపేట రోజుల్లో మేం ఒకరు టెస్ట్ చేస్తే, ఇంకొకరు ముందు వరుస నుంచి వెనక్కి ప్రతి స్టాప్ మీదా వేలు పెట్టి చూసుకుంటూ పోయేవాళ్లం. మీ హ్యాంగర్లో రెండోసారి ఎవరు చూస్తారో కనుక్కుని రాయి. ఎవరూ లేకపోతే మీ సీనియర్ని మర్యాదగా అడుగు, "సార్, నా వెనక ఒకసారి చూస్తారా" అని.

సంక్రాంతి సెలవుకి ఇంకా పెట్టలేదటగా. నాగపూర్ బండికి టికెట్లు అయిపోతున్నాయి, రేపే అడుగు.

నాన్న