రాగి బొమ్మ ముందు, మైదా వెనుక

సంపాదకులకు,

అనంతపురంలో ఏ కిరాణా కొట్టు ముందు నిలబడినా రాగి బిస్కెట్లు, జొన్న చిప్స్, మల్టీగ్రెయిన్ నూడుల్స్ దండల్లా వేలాడుతున్నాయి. రాగి సంగటి తిని పెరిగిన ఊరికి రాగి కంకి బొమ్మ వేసి ఏదైనా అమ్మొచ్చు. కొనేవాళ్లను తప్పు పట్టలేం. ప్యాకెట్ ముందు భాగం కంపెనీ తన సరుకును తాను పొగుడుకునే చోటు. అసలు లెక్క వెనుక ఉంటుంది, అదీ ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. ఆ లెక్క చదవడం ఎలాగో, అది తెలుగులో ఎందుకు లేదో నలుగురికీ తెలియాలని ఈ లేఖ.

ముందు 'ఇంగ్రీడియెంట్స్' అన్న మాట వెతకాలి. దాని కింద పదార్థాలను బరువును బట్టి, ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలన్నది నిబంధన. ఏది మొదట ఉంటే అదే అన్నిటికన్నా ఎక్కువ. రాగి బిస్కెట్ అన్న ప్యాకెట్ మీద మొదట 'రిఫైన్డ్ వీట్ ఫ్లోర్', తర్వాత చక్కెర, ఆ తర్వాత పామ్ ఆయిల్, నాలుగో చోట రాగి పిండి ఉంటే అది మైదా బిస్కెట్టే. పేరులోనో బొమ్మలోనో గొప్పగా చూపిన పదార్థం ఎంత శాతం ఉందో కూడా రాసి తీరాలి. రాగి పిండి 12 శాతం అని ఉందనుకుందాం. 100 గ్రాముల ప్యాకెట్‌లో 12 గ్రాములన్నమాట. ఒక గ్లాసు జావకు ఇంట్లో కలిపే పిండిలో సగం! ఆ సగం కోసం పిల్లవాడు మిగతా 88 గ్రాముల మైదా, చక్కెర, నూనె తినాలి.

ఈ వరుసలోనే ఇంకో కిటుకు ఉంది. చక్కెరను ఒక్క పేరుతో రాస్తే అది మొదటి చోటుకో రెండో చోటుకో వస్తుంది. షుగర్, లిక్విడ్ గ్లూకోజ్, ఇన్‌వర్ట్ సిరప్, డెక్స్‌ట్రోజ్ అని నాలుగు రకాలు కొంచెం కొంచెం వాడితే ఒక్కోటీ కిందికి జారిపోతుంది, వరుస చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. కాబట్టి తీపి పేర్లన్నీ మనసులో కలిపి చదువుకోవాలి. పిండి నుంచి తయారుచేసే మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పొడి సంగతి మరీ విడ్డూరం. అది చక్కెర లెక్కలోకి రాదు, పిండి పదార్థం కింద పోతుంది. రక్తంలో గ్లూకోజును మాత్రం గబగబా పెంచుతుంది. షుగర్ జబ్బు ఉన్నవాళ్లు 'షుగర్ ఫ్రీ' అన్న అట్ట చూసి ధైర్యం చేసేముందు ఈ మాట కోసం వెతకాలి. బెల్లం వేశామని చెప్పుకునే సరుకూ అంతే. రుచి వేరు, రంగు వేరు, ఒంట్లోకి వెళ్లాక చేసే పని చక్కెరదే.

తర్వాత పోషకాల పట్టిక. ఇక్కడ జనం ఎక్కువగా తప్పటడుగు వేసేది 'సర్వింగ్' దగ్గర, అంటే ఒకసారి తింటారని కంపెనీ రాసే మోతాదు దగ్గర. పట్టికలో ప్రధానమైన అంకెలు 100 గ్రాములకో 100 మిల్లీలీటర్లకో ఉంటాయి. పక్కన రోజువారీ అవసరంలో ఎంత శాతమో చెప్పే వరుస మాత్రం ఒక సర్వింగుకు లెక్క కట్టింది. సర్వింగ్ 30 గ్రాములని రాసి ప్యాకెట్ 90 గ్రాములు పెడితే, ప్యాకెట్ ఖాళీ చేసిన పిల్లవాడి లెక్క మూడింతలు. పైగా ఆ శాతాలు రోజుకు 2000 కిలోక్యాలరీలు తినే పెద్దవాళ్లకు కట్టినవి, ఒకటో తరగతి పిల్లలకు కాదు. పెద్దవాళ్లకే రోజుకు అదనపు చక్కెర 50 గ్రాములు, సంతృప్త కొవ్వు (ఎక్కువైతే గుండెకు చేటు చేసే రకం) 22 గ్రాములు, సోడియం 2000 మిల్లీగ్రాములు మించరాదన్నది ఆ లెక్కకు పునాది. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు చక్కెరను 25 గ్రాముల దాకానే ఉంచుకోమంటున్నాయి.

రెండు లెక్కలు నోటికి వస్తే చాలు. చక్కెర గ్రాములను 4తో భాగిస్తే చెంచాలు వస్తాయి. సోడియం మిల్లీగ్రాములను రెండున్నరతో గుణించి 1000తో భాగిస్తే ఉప్పు గ్రాములు వస్తాయి. 100 మిల్లీలీటర్లకు 11 గ్రాముల చక్కెర ఉన్న కూల్‌డ్రింక్ 250 మిల్లీలీటర్ల సీసా తాగితే 27.5 గ్రాములు, అంటే ఏడు చెంచాలకు కాస్త తక్కువ. కాఫీలో ఏడు చెంచాలు వేసిస్తే ఎవరూ ముట్టరు. చల్లదనమూ పులుపూ ఆ తీపిని నాలుకకు తెలియనివ్వవు. అలాగే 100 గ్రాములకు 1200 మిల్లీగ్రాముల సోడియం ఉన్న నూడుల్స్ 70 గ్రాముల ప్యాకెట్ వండితే 840 మిల్లీగ్రాములు, అంటే 2.1 గ్రాముల ఉప్పు. రోజంతటికీ 5 గ్రాములు చాలంటారు. ఒక పూట టిఫిన్‌తోనే నలభై శాతం అయిపోయింది, ఇంకా మధ్యాహ్నం పప్పూ ఊరగాయా ఉన్నాయి. నూడుల్స్‌లో ఉప్పంతా ఎక్కువగా మసాలా పొట్లంలోనే ఉంటుంది కాబట్టి సగం పొట్లమే వేసి, బీన్స్, క్యారెట్, ఒక గుడ్డు కలిపితే లెక్క చాలావరకు దిగుతుంది.

ఎంతుంటే ఎక్కువ అన్న ప్రశ్నకు బ్రిటన్‌లో ప్యాకెట్ల మీద వేసే రంగుల కొలతను అరువు తెచ్చుకోవచ్చు. 100 గ్రాముల తిండిలో చక్కెర 22.5 గ్రాములు, మొత్తం కొవ్వు 17.5, సంతృప్త కొవ్వు 5, ఉప్పు 1.5 గ్రాములు దాటితే అక్కడ ఎర్ర రంగు పడుతుంది. ఈ నాలుగు అంకెలు పట్టుకుని మన కొట్లో క్రీమ్ బిస్కెట్లు, చిప్స్ వెనుక చూడండి.

నూనె విషయం ఈ జిల్లావాళ్లం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బుడ్డలు (వేరుశనగ) పండించే నేల ఇది. కదిరి పరిశోధన కేంద్రం ఇచ్చిన కె-6 రకం పేరు తెలియని రైతు ఉండడు. అయినా మన పిల్లలు తినే ప్యాకెట్లలో ఎక్కువ భాగం పామ్ ఆయిల్ నుంచి తీసే పామోలిన్‌తో వేగి వస్తున్నాయి. పామ్ ఆయిల్‌లో సుమారు సగం సంతృప్త కొవ్వు, వేరుశనగ నూనెలో అది ఐదో వంతు లోపే. పామ్ ఆయిల్ విషమని అనడం లేదు. రోజూ మూడు నాలుగు ప్యాకెట్ల రూపంలో తెలియకుండా లోపలికి పోతే 22 గ్రాముల హద్దు మధ్యాహ్నానికే దాటిపోతుంది. నూనెను గట్టిపరిచేటప్పుడు పుట్టి గుండెకు చేటు చేసే కొవ్వు ట్రాన్స్ ఫ్యాట్. 'జీరో ట్రాన్స్ ఫ్యాట్' అన్న గొప్పలకు మాత్రం పెద్దగా మురిసిపోనక్కరలేదు. 2022 జనవరి నుంచి నూనెల్లో, వాటితో చేసిన ఆహారంలో కొవ్వులో 2 శాతం మించి పారిశ్రామిక ట్రాన్స్ కొవ్వు ఉండకూడదని అందరికీ ఒకే నిబంధన ఉంది.

పదార్థాల జాబితాలో రంగులు, పులుపు వంటి కలుపుడు పదార్థాలకు ఐఎన్‌ఎస్ అని రాసే అంతర్జాతీయ సంకేత అంకెలకు బెదిరిపోయేవాళ్లూ ఉన్నారు. ఐఎన్‌ఎస్ 330 అంటే నిమ్మ ఉప్పు, 500 అంటే తినే సోడా, 322 అంటే సోయా వంటి వాటి నుంచి తీసే లెసిథిన్. వీటికి భయపడి చక్కెరను వదిలేయడం లెక్క తప్పడమే. 102, 110 కృత్రిమ రంగులు. చిన్నపిల్లల ప్యాకెట్‌లో అవి కనిపిస్తే ఇంకోటి తీసుకోవడం మంచిది.

వేసవిలో ఎండ నలభై దాటే మన ఊళ్లలో ఓఆర్‌ఎస్ సంగతి, అంటే ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు తాగించే ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ల సంగతి కూడా ఇందులోదే. పండ్ల రుచితో డబ్బాల్లో వచ్చే తీపి పానీయాలు ఏళ్ల తరబడి ఆ పేరు తగిలించుకుని మందుల షాపుల్లోనే అమ్ముడయ్యాయి. విరేచనాలతో నీరసించిన బిడ్డకు అంత చక్కెర పడితే నీళ్లు పేగులోకి లాగుకుని విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడగా, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత ప్రాధికార సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) ఆ పేరును పానీయాల మీద వాడకూడదని ఆదేశించింది. అసలైన ఓఆర్‌ఎస్‌లో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9, మొత్తం 20.5 గ్రాములు. ఆ పెద్ద పొట్లాన్ని సరిగ్గా లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసులో కొంచెం కొంచెం కలిపితే ఉప్పు ఎక్కువై ప్రమాదం. 200 మిల్లీలీటర్లకు చిన్న పొట్లాలూ వస్తాయి కనుక ఎంత నీళ్లో అట్ట మీద చూసి కలపండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. పొట్లం దొరకని రాత్రి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో సమంగా నింపిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అదే చెంచాతో అర చెంచా ఉప్పు సరిపోతుంది.

ప్యాకెట్ అంటేనే చెడ్డది అనడం కూడా సరికాదు. పాశ్చరైజ్ చేసిన పాలు, పెరుగు, ఇడ్లీ రవ్వ, పుట్నాల పప్పు అన్నీ ఏదో ఒక విధంగా తయారైనవే. ఇంట్లో చేసిందల్లా మంచిదనీ లేదు. మూడుసార్లు కాగిన నూనెలో తీసిన బజ్జీ ఇంటిదైనా బజ్జీనే. సాయంత్రం పిల్లలకు 25 గ్రాముల బొరుగులు, 20 గ్రాముల వేయించిన బుడ్డలు, పది గ్రాముల పుట్నాలు, ఒక ఉల్లిగడ్డ, ఒక టమాట, నిమ్మరసం కలిపితే పదకొండు పన్నెండు గ్రాముల వరకు మాంసకృత్తులు వస్తాయి. ఉప్పు వేయకండి, బొరుగుల్లో ముందే ఉంటుంది. బుడ్డల్లో మాత్రం ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు పట్టినవి ఏరి పారేయాలి. తడి తగిలిన కాయల్లో పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. నోట్లో చేదు తగిలిన గింజను మింగకుండా ఉమ్మేయమని పిల్లలకు చెప్పండి.

ఇప్పుడు అసలు అడగవలసింది. 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు. ఇంకో భాష వేయవచ్చు, వేసి తీరాలని లేదు. అందుకే ముందు భాగంలో తెలుగు ప్రకటన చక్కగా పడుతుంది, వెనుక మైదా ఇంగ్లీషులోనే ఉండిపోతుంది. తెలుగులో అమ్మడం వచ్చినవాళ్లకు తెలుగులో చెప్పడం రాకపోదు. కనీసం పదార్థాల వరుస, చక్కెర, ఉప్పు, కొవ్వు అంకెలు తెలుగులో వేయాలని రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని అడగాలి. అతి చిన్న ప్యాకెట్ల పరిస్థితి మరీ అన్యాయం. ఉపరితలం 100 చదరపు సెంటీమీటర్లు దాటకపోతే పదార్థాల జాబితా, పోషకాల పట్టిక ఆ ప్యాకెట్ మీద వేయనక్కరలేదు, అవి వచ్చే పెద్ద కవరు మీద ఉంటే చాలు. ఆ కవరు కొట్టువాడి దగ్గర చెత్తబుట్టలో ఉంటుంది. రూపాయి, రెండు రూపాయల సరుకు కొనేది ఎక్కువగా బడి పిల్లలే.

ముందు భాగంలో హెచ్చరిక గుర్తు వేసే మాట కూడా ఏళ్లుగా నలుగుతోంది. 2022లో ఆహార భద్రత ప్రాధికార సంస్థ తెచ్చిన ముసాయిదా నక్షత్రాల పద్ధతిని ప్రతిపాదించింది, ఎన్ని ఎక్కువ నక్షత్రాలుంటే అంత మంచి తిండి అని. అందులో పండ్లు, గింజలు, పప్పులు, చిరుధాన్యాలు కలిపితే మంచి మార్కులు పడి, చక్కెరకూ ఉప్పుకూ పడ్డ చెడ్డ మార్కులు కొంత కొట్టుకుపోతాయి. మన రాగి బిస్కెట్‌కు ఇంతకన్నా ఏం కావాలి? చిలీ దేశం 2016లోనే చక్కెర ఎక్కువ, ఉప్పు ఎక్కువ అని నల్లటి ఎనిమిది మూలల గుర్తులు వేయించింది. చదువు రానివాళ్లకూ అర్థమయ్యేది అదే. నక్షత్రాలు వద్దు, అలాంటి గుర్తే కావాలి.

ఉన్న నిబంధన అమలు మాటకొస్తే, కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తిండిని బడి లోపలా, గేటు నుంచి 50 మీటర్ల లోపూ అమ్మకూడదని 2020లోనే నిబంధన చేశారు. లోపల రాగిజావ, చిక్కీ ఇస్తూ గేటు బయట ఐదు రూపాయల చిప్స్ అమ్మనిస్తే ఏది గెలుస్తుందో చెప్పనక్కరలేదు. జిల్లా ఆహార భద్రత అధికారులు బడులు తెరిచిన మొదటి వారంలో టేపు పట్టుకుని ఆ 50 మీటర్లు కొలవాలి. సరుకు మీద అనుమానం వస్తే బిల్లు, ప్యాకెట్, బ్యాచ్ నంబరు, 14 అంకెల లైసెన్సు నంబరు ఫొటో దాచుకోండి. 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ కింద, కొన్నవాళ్లే రుసుము కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. సరుకు చట్టానికి విరుద్ధమని తేలితే ఆ రుసుము తిరిగి ఇస్తారు. ముందే అమ్మేవాడికి ఆ సంగతి చెప్పి కొనాలన్న షరతు మరవకండి.

లేబుళ్లు తెలుగులోకి వచ్చేదాకా మీ పత్రిక జిల్లా పేజీలో, కత్తిరించి కొట్టు గోడకు అంటించుకునేలా, ఒక చిన్న పెట్టె వేయమని కోరుతున్నాం. మొదటి విడతకు ఈ మాటలు సరిపోతాయి: రిఫైన్డ్ వీట్ ఫ్లోర్ – మైదా. హోల్ వీట్ ఫ్లోర్ – గోధుమ పిండి. యాడెడ్ షుగర్స్ – తయారీలో కలిపిన చక్కెర. శాచురేటెడ్ ఫ్యాట్ – సంతృప్త కొవ్వు. సోడియం – ఉప్పు లెక్క, రెండున్నర రెట్లు. ఫింగర్ మిల్లెట్ – రాగి. యూజ్ బై – ఆ తేదీ దాటితే తినకూడదు. బెస్ట్ బిఫోర్ – ఆ తేదీ దాటితే రుచీ నాణ్యతా తగ్గొచ్చు.

– పోషకాహార శాస్త్ర అధ్యాపకులు, అనంతపురం