ఏ ఛార్జి ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

కోర్టు వార్తల్లో ‘అభియోగాల నమోదు’ అనే మాట రెండు వేర్వేరు ఘట్టాలకు వాడుతున్నారు. పోలీసులు ఛార్జిషీటు వేసినా అదే మాట, కోర్టు ఛార్జి ఫ్రేమ్ చేసినా అదే మాట. దీంతో కేసు ఎంతదాకా వచ్చిందో పాఠకుడికి అర్థం కావడం లేదు.

దర్యాప్తు ముగించి పోలీసులు మేజిస్ట్రేటుకు ఇచ్చే నివేదిక ఛార్జిషీటు. పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ)లో ఇది 173వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్‌)లో 193. అది పోలీసుల మాటే తప్ప కోర్టు మాట కాదు. నిందితుడు రిమాండులో ఉంటే 60 రోజుల్లోగా, మరణశిక్షో యావజ్జీవమో పదేళ్లకు తగ్గని జైలో పడే నేరమైతే 90 రోజుల్లోగా అది దాఖలు కావాలి. కాకపోతే, పూచీకత్తు ఇవ్వడానికి సిద్ధపడిన నిందితుడికి బెయిలు హక్కుగా దక్కుతుంది. కాబట్టి ఛార్జిషీటు వార్తలో తేదీ తప్పక ఉండాలి.

ఛార్జి రాసేది జడ్జి. ఇరుపక్షాలనూ విన్నాక విచారణకు తగిన ఆధారం ఉందనిపిస్తే ఏ నేరం, ఏ సెక్షన్, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి పట్ల జరిగిందో రాస్తారు. నిందితుడికి చదివి వినిపించి, ఒప్పుకుంటారా అని అడుగుతారు. ఛార్జిపై తొలి వాయిదా నుంచి 60 రోజుల్లో ఈ పని కావాలన్నది కొత్త చట్టం. పోలీసులు పెట్టిన సెక్షన్లలో కొన్ని ఇక్కడ రాలిపోవచ్చు, కొత్తవి చేరవచ్చు. చిన్న నేరాల సమన్స్ కేసుల్లోనైతే లాంఛనంగా ఛార్జి రాయడమే ఉండదు. మొదటిదాన్ని ‘ఛార్జిషీటు దాఖలు’ అని, రెండోదాన్ని ‘కోర్టులో అభియోగాల ఖరారు’ అని రాస్తే చిక్కే ఉండదు.

‘డిశ్చార్జి’ విషయంలో జరిగే తప్పు ఇంకా పెద్దది. ఛార్జి దశలోనే ఆధారం చాలదని కోర్టు కేసు నుంచి తప్పిస్తే అది డిశ్చార్జి. దాన్ని ‘నిర్దోషిగా విడుదల’ అని రాస్తున్నారు. సాక్షుల విచారణే జరగనప్పుడు నిర్దోషి అన్న తీర్పు ఎక్కడిది? తేడా మాటల్లోనే లేదు. నిర్దోషి అని తేలినవారిని, ఆ తీర్పు నిలిచి ఉన్నంతవరకు, అదే నేరానికి మళ్లీ విచారించకూడదు. డిశ్చార్జికి ఆ రక్షణ లేదు, కొత్త ఆధారం దొరికితే కేసు తిరిగి రావచ్చు. ‘కేసు నుంచి తొలగింపు’ అనవచ్చు.

అసలు ‘ఛార్జి’ అనే మాటకు మూలం లాటిన్‌లో బండి అనే అర్థమున్న ‘కారస్’. బండికి బరువెత్తడం నుంచే నింద, బాధ్యత, రుసుము, బ్యాటరీలో నింపే విద్యుత్తు అన్నీ పుట్టాయి. అర్థాలు ఇన్ని ఉన్నాయి కనుకే తెలుగులో వాడేటప్పుడు జాగ్రత్త కావాలి. ‘ఇన్‌ఛార్జి తహసీల్దార్’ అంటే మన వాడుకలో తాత్కాలికంగా చూసుకునేవారు. ‘జిల్లా ఇన్‌ఛార్జి మంత్రి’ తాత్కాలికం కాదు, ఆ జిల్లా బాధ్యత పూర్తిగా అప్పగించినవారు. ఆంగ్ల ప్రకటనలో ఆ మాట కనబడగానే ‘తాత్కాలిక’ అని తెలుగు చేయకుండా, నియామక ఉత్తర్వులో అదనపు బాధ్యత అని ఉందో లేదో మీ విలేకరులు ఒకసారి చూడాలని కోరుతున్నాను.