గచ్చిబౌలి ట్రాక్ మీద కలిసిన పెద్దాయనకి

బుధవారం పొద్దున గచ్చిబౌలి స్టేడియంలో నాతో పాటు పరిగెత్తిన పెద్దాయనా, పేరు కూడా అడగలేదు, చాలా థ్యాంక్సండీ. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ ఉంది కదా, దానికోసం 800 మీటర్లు 8 సార్లు కొట్టాలి, అంటే ఒక్కోసారి రెండు రౌండ్లు, మధ్యలో 400 నెమ్మదిగా జాగింగ్. ఆరోది అయ్యేసరికి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయా, ఇంక ఇంటికెళ్ళిపోదామనుకున్నా. మీరొచ్చి "కూర్చోకు బాబూ, కాళ్ళు పట్టేస్తాయి, ఏడోది నాతో రా" అన్నారు. మొదటి రౌండ్‌లో నన్ను దూకనివ్వలేదు చూడండి, అదే కాపాడింది, ప్రతిసారీ మొదటి 200లోనే దమ్మంతా అయిపోగొట్టేస్తున్నానని అప్పుడే తెలిసింది. చెమటకి వీపుకి అతుక్కుపోయిన మీ తెల్ల బనీనునే చూస్తూ ఎనిమిదోది కూడా పూర్తి చేశా. నీళ్ళు తాగి తిరిగి చూసేసరికి మీరు లేరు. వచ్చే బుధవారం అక్కడే ఉంటానండీ.