షేక్‌స్పియర్ కామెడీని గైడ్‌లోంచి బయటికి తీయండి

సంపాదకులకు నమస్కారం.

ఐసీఎస్‌ఈ పదో తరగతి ఇంగ్లిష్ సాహిత్యంలో ఏళ్ల తరబడి షేక్‌స్పియర్ నాటకం 'మర్చంట్ ఆఫ్ వెనిస్' ఉండేది. 2025లో పరీక్ష రాసిన బ్యాచ్ నుంచి ఆ స్థానంలోకి 'జూలియస్ సీజర్' వచ్చింది. మంచి నాటకమే, కాదనను. కానీ మొదటి ఎలిజబెత్ రాణి కాలపు కామెడీ అన్నది పిల్లల చేతిలోంచి జారిపోయింది. అసలు 'మర్చంట్' కూడా పేరుకే కామెడీ. 1623 నాటి ఫోలియోలో, అంటే షేక్‌స్పియర్ నాటకాల సంపుటిలో, దాన్ని కామెడీల్లో చేర్చారు గానీ, యూదు వడ్డీ వ్యాపారి షైలాక్‌ని కోర్టులో అందరూ చేరి అవమానించి, మతం కూడా మార్చుకోమనే సీన్ చదివాక "ఇందులో నవ్వడానికేముంది టీచర్?" అని పిల్లలు అడిగేవారు. న్యాయమైన ప్రశ్న.

నవ్వు కావాలంటే 'మచ్ అడో అబౌట్ నథింగ్' పెట్టాలి. బియాట్రిస్, బెనెడిక్ నాటకం పొడుగునా ఒకరినొకరు దెప్పిపొడుచుకుంటూనే ఉంటారు. చివర్లో నలుగురి ముందూ "నీ మీద నాకు ప్రేమా? అబ్బే" అని ఇద్దరూ బుకాయిస్తుంటే, అయినవాళ్లు చెరొక కాగితం తీస్తారు. ఒకటి బెనెడిక్ తంటాలు పడి రాసిన సానెట్ అనే చిన్న ప్రేమ కవిత. రెండోది బియాట్రిస్ జేబులోంచి కొట్టేసిన ఆమె రాత. సొంత చేతిరాతే ఎదురు సాక్ష్యం చెబుతుంటే ఇక ఏమనగలరు?

ఆ సీన్ ఎందుకు పేలుతుందో తెలియాలంటే సానెట్ తెలియాలి. 1591లో కవి ఫిలిప్ సిడ్నీ సానెట్ల సంపుటి 'ఆస్ట్రోఫెల్ అండ్ స్టెల్లా' అచ్చయ్యాక లండన్‌లో సానెట్లు రాయడం పెద్ద ఫ్యాషన్ అయింది. కామెడీలు ఆ ఫ్యాషన్‌నే ఆటపట్టించాయి. 'యాజ్ యు లైక్ ఇట్'లో ఆర్లాండో తను ప్రేమించిన రోజలిండ్ మీద కవితలు రాసి చెట్లకు తగిలిస్తూ తిరిగితే, విదూషకుడు టచ్‌స్టోన్ వాటికి అక్కడికక్కడే పేరడీ కడతాడు. మన క్లాసుల్లో మాత్రం సానెట్ అంటే పద్నాలుగు పంక్తులు, ప్రాస క్రమం, రెండు మార్కులు. షేక్‌స్పియర్ 18వ సానెట్‌తో ఆపేస్తాం. పక్కనే 130వది పెట్టి చూడండి: నా ప్రియురాలి కళ్లు సూర్యుడిలా లేవు, జుట్టు నల్లటి తీగల్లా ఉంది, ఊపిరి పరిమళమేం కాదు, అయినా నాకు ఆమే అపురూపం అంటాడు. వెనక బెంచీ కూడా తలెత్తుతుంది.

ఆ రోజుల్లో ఆడవేషాలు కుర్రాళ్లే కట్టేవారు. రోజలిండ్ వేసిన కుర్రాడు, ఆడపిల్లగా నటిస్తూ మగవేషం వేసుకుని, ఆ మగవేషంలో మళ్లీ రోజలిండ్‌లా నటించాలి! చదివితే తల తిరుగుతుంది, చూస్తే ఇట్టే తెలుస్తుంది. స్థానం నరసింహారావు గారి సత్యభామను నెత్తిన పెట్టుకున్న తెలుగువాళ్లకి ఇది వింతేం కాదు. భామాకలాపంలో మగవాడు కట్టిన సత్యభామ కృష్ణుడికి లేఖ రాసే ఘట్టం ఒకటి వీడియోలో చూపించి ఈ పాఠంలోకి వస్తే సగం పని అయిపోయినట్టే.

"పదో తరగతిలో ప్రేమ కవితలేంటండీ" అనే తల్లిదండ్రులూ ఉన్నారు. రుక్మిణి కృష్ణుడికి పంపిన సందేశాన్ని పోతన పద్యాల్లో వాళ్లలో చాలామంది బడిలోనే చదివారు. దాంతో ఎవరూ చెడిపోలేదు.

అసలు టెన్షన్ గైడ్లతోనే. ఎడమ పేజీలో షేక్‌స్పియర్, కుడి పేజీలో నేటి ఇంగ్లిష్. పిల్లలు కుడి పేజీయే చదువుతారు. అందులో కథ మిగులుతుంది, జోకు మిగలదు. ఇంగ్లిష్ సాహిత్యం పేపర్లో 80 మార్కులు రాతపరీక్షకు, 20 ఇంటర్నల్ అసెస్‌మెంట్‌కు ఉన్నాయి. ఆ 20లో సగమైనా, నలుగురైదుగురు కలిసి ఒక సీన్ వేసి చూపించినందుకు ఇవ్వాలని ఐసీఎస్‌ఈ పరీక్షలు నిర్వహించే కౌన్సిల్‌ని కోరుతున్నాను. సీజర్‌తో పాటు ఒక కామెడీని ఆప్షన్‌గా పెడితే మరీ మంచిది. ఈలోగా ఎనిమిదో తరగతిలో రెండు కామెడీ సీన్లు, రెండు సానెట్లు చెప్పుకోవడానికి స్కూళ్లు ఎవరి సర్క్యులర్ కోసమూ ఆగక్కర్లేదు.

— ఒక విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయురాలు, హైదరాబాద్